చేతి తూకం

మొన్న బుధవారం మా వీధి చివరి అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లలకి టీకాలు వేస్తున్నారని తెలిసి, పనేమీ లేకపోయినా వెళ్లి ఓ కుర్చీలో కూర్చున్నాను. ఉద్యోగ విరమణ చేసి ఏళ్లు గడిచినా బుధవారం వచ్చిందంటే నా కాళ్లు ఇంట్లో నిలవవు. అక్కడ నన్ను ఎవరూ పిలవకపోయినా, నా సలహా ఎవరికీ అక్కర్లేకపోయినా, ఆ పిల్లల ఏడుపులూ తల్లుల కంగారూ చూస్తూ ఓ గంట గడిపితేగాని ఆ రోజు నాకు రోజులా ఉండదు. ఆ వేళ అక్కడి అంకెల కాటా మొరాయించింది. బ్యాటరీ అయిపోయిందో మరేమయిందోగాని, బిడ్డని పడుకోబెడితే ఒకసారి మూడు కిలోలనీ ఇంకోసారి సున్నా అనీ చూపిస్తోంది. బరువు ఎక్కిస్తేగాని ఫోనులో తర్వాతి పేరు రాదట, బయట తల్లులు వరసలో నిలబడి విసుక్కుంటున్నారు, పాపం ఆ కేంద్రం నడిపే అమ్మాయికి చెమటలు పట్టేస్తున్నాయి. నేను పాతకాలం నర్సునని ఎవరు చెప్పారో, నెల తిరగని పసిగుడ్డుని తెచ్చి నా ఒళ్లో పెట్టి, మీ కాలంలో చేత్తో ఎత్తే చెప్పేసేవారట కదండీ, ఎంతుంటాడో చెప్పేస్తే ఎక్కించేసుకుంటాను అంది నవ్వుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. కొత్త బ్యాటరీ తెప్పించుకో, లేదంటే పక్క కేంద్రం నుంచి కాటా తెచ్చుకో, అంతవరకూ ఒక్క అంకె రాసినా ఊరుకునేది లేదని, నలుగురిలో ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా కేకలేశాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది, తల్లులందరూ ఈ ముసలమ్మకి ఏమొచ్చిందన్నట్టు చూశారు. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. నిజానికి ఆ అమ్మాయి చేసిన నేరమేమీ లేదు. ఆమె చేద్దామనుకున్న పనే ఆమె వయసులో నేను నెలల తరబడి చేశాను. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు. నా ఈడువాళ్లు చదివితే, తిట్టినా అర్థం చేసుకుని తిడతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

శిక్షణ పూర్తి కాగానే నన్ను మాకవరపాలెం వైపు ఓ సబ్‌సెంటర్‌కి ఏఎన్ఎంగా వేశారు. సబ్‌సెంటర్ అన్నది పేరుకే, పంచాయతీవాళ్లిచ్చిన ఓ వసారా, దాని వెనకే నేను ఉండే చిన్న గది. నా కింద ఐదు ఊళ్లు ఉండేవి. చెరుకు తోటలూ వరి మళ్లూ దాటి, గెడ్డ, అంటే మా వైపు వాగు, దిగి ఎక్కితే జీడితోటల పక్కన ఉండేది ఐదో ఊరు. ఆ ఊరి కథే ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. పెళ్లికాని పిల్ల వచ్చి కాన్పుల గురించి పాఠాలు చెబుతుంటే ఆ ఊరి ఆడవాళ్లకి భలే సరదాగా ఉండేది. ఎంతమందిని కన్నావేటి నర్సమ్మా మాకు చెప్పడానికి, అని ఒకరంటే, పెళ్లిచూపులకి వచ్చినోళ్లకి కూడా ఈ మాత్తర్లే ఇస్తావేటి అని ఇంకొకరు. నేను ఉడుక్కునేదాన్ని. ఉడుక్కున్నకొద్దీ వాళ్లకి మరీ సరదా.

ఆ ఊళ్లో నాకంటే ముందు, నాకంటే ఎంతో గట్టిగా, పాతుకుని ఉన్న మనిషి మంత్రసాని. ఊళ్లో సగంమంది ఆవిడ చేతుల్లో పడ్డవాళ్లే. అందరిలాగే నేనూ ఆవిడని మామ్మ అనే పిలిచేదాన్ని. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేది, చుట్టని నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేది, కాన్పు గదిలోకి వెళ్లేముందు మాత్రం చుట్ట ఆర్పి, నోరు పుక్కిలించి, మోచేతుల దాకా కుంకుడురసంతో కడుక్కునేది. శిక్షణలో మాకు అంత ఓపిగ్గా కడుక్కోవడం ఎవరూ నేర్పలేదు. ఆవిడ సరేనంటేనే ఆ ఊళ్లో ఏ ఇంటి తలుపైనా నాకు తెరుచుకునేది. మొదటి నెలలోనే ఆవిడకీ నాకూ గొడవ వచ్చింది. గొడవంతా నా సంచిలో ఉన్న స్ప్రింగు కాటా గురించే. పుట్టిన బిడ్డని గుడ్డ ఉయ్యాలలో పెట్టి ఆ కాటా కొక్కేనికి తగిలించి, గీత చూసి తల్లీబిడ్డల కార్డులో బరువు రాయాలి. నేను దాన్ని బయటికి తీయగానే మామ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"బెల్లం తూస్తారు, జీడిపిక్కలు తూస్తారు. కడుపున పుట్టినోడిని కొక్కేనికి ఏలాడదీస్తారేటమ్మా? తూసిన బిడ్డ తరిగిపోతాడు."

ఊరంతటిదీ అదే నమ్మకం. సంతలో అమ్మే సరుకుని తూస్తారు, తూకం వేసింది చేజారిపోతుంది, అందుకని ఇరవై ఒకటో రోజు దాటేదాకా బిడ్డ మీద కాటా నీడ కూడా పడకూడదు. నేను చెప్పి చూశాను, అలిగి చూశాను, పై అధికారుల పేరు చెప్పి బెదిరించి కూడా చూశాను. తలుపులు మూసుకున్నాయి తప్ప ఒక్క బిడ్డా కాటా ఎక్కలేదు. కార్డుల్లో బరువు గడి ఖాళీగా ఉండిపోయేది. చివరికి నా అవస్థ చూసి మామ్మే ఓ దారి చెప్పింది. బిడ్డని ఎడమ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, తల అరచేతిలో ఆనించుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఇంతుంటాడు రాసుకో అంది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఏటా గానుగల దగ్గర పనిచేసిందట, బెల్లం ముద్ద చేత్తో ఎత్తి ఎంతుంటుందో చెబితే వ్యాపారి కాటాతో పనిలేకుండా ఒప్పుకునేవాడట. నేను మొదట నవ్వాను. కానీ బడిపంతులుగారింట్లో కాటాకి అభ్యంతరం లేకపోవడంతో, మామ్మ చెప్పాక ఆవిడ వెళ్లిపోయేదాకా ఆగి బిడ్డని తూచి చూశాను. ఓ గీత అటూ ఇటూ కూడా కాదు, చెప్పింది చెప్పినట్టుంది. ఇలా మరో నాలుగైదు చోట్ల చూశాను. ఆ చెయ్యి తప్పడం నేను చూడలేదు. ఆవిడ దగ్గర కూర్చుని నేనూ అలా పట్టుకోవడం నేర్చుకున్నాను, కొన్నాళ్లకి నా చేతికీ కాస్త పట్టు చిక్కింది.

అంతే, కాటా సంచి అడుగుకి చేరింది. మామ్మ చెప్పేది, నేను రాసేదాన్ని. ఎక్కడా చేత్తో చూసినట్టు రాయలేదు, కాటా మీద చూసినట్టే గ్రాములతో సహా రాశాను. నెలవారీ మీటింగుల్లో తక్కిన సబ్‌సెంటర్ల రిజిస్టర్లలో బరువు గడి సగం ఖాళీగా ఉంటే నాదొక్కటే నిండుగా ఉండేది. మా పై అధికారి ఒకసారి నా రిజిస్టరు అందరికీ ఎత్తి చూపించి, చిన్నపిల్లయినా చూడండి ఎలా చేస్తోందో అన్నారు. నేను సిగ్గుపడుతూ కూర్చున్నాను. అప్పటి సిగ్గు పొగిడినందుకు, ఇప్పటిది వేరు.

ఆ రోజుల్లో మాకు చెప్పిన నియమం ఒకటుండేది. పుట్టిన బిడ్డ రెండు కిలోల లోపుంటే ఇంట్లో ఉంచకూడదు, వెంటనే నర్సీపట్నం ఆసుపత్రికి పంపాలి. ఈ సంగతి మామ్మకి నేనే చెప్పాను, ఒకటికి పదిసార్లు చెప్పాను. రెండు కిలోల లోపని ఆవిడ చెప్పిన ఇద్దరు బిడ్డల్ని పంపించాం కూడా. పరాయి బిడ్డల విషయంలో ఆవిడ ఎన్నడూ అడ్డు చెప్పలేదు.

మామ్మకి ఉన్నది ఒక్కతే కూతురు. ఆ కూతురు రెండో కాన్పులో రక్తం ఆగక, బండిలో ఆసుపత్రికి తీసుకెళ్తే గుమ్మం దాటాక ఓ గంట కూడా బతకలేదు. తీసుకెళ్లడమే ఆలస్యమయిందని మామ్మకీ తెలుసు, ఆసుపత్రివాళ్లని ఒక్క మాట అనేది కాదు. కానీ ఊరందరి కాన్పులూ చేసిన చేతులు కన్నకూతురి దగ్గర పనికిరాకుండా పోయాయన్న బాధ మాత్రం ఆవిడని వదల్లేదు. ఆ రోజు నుంచి ఆసుపత్రి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకుంది. కూతురు వదిలివెళ్లిన నాలుగేళ్ల పిల్లని తనే పెంచి, రావికమతం వైపు ఇచ్చి పెళ్లి చేసింది. ఆ మనవరాలే తొలి కాన్పుకి ఆవిడ దగ్గరికి వచ్చింది. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి, మాటంటే బయటికి రాని పిల్ల, అన్నిటికీ అమ్మమ్మ మొహం చూసేది.

శ్రావణమాసంలో ముసురు పట్టిన వారమది. ఇంకా నెల రోజుల గడువుండగానే ఆ పిల్లకి నొప్పులొచ్చాయి. తెల్లారి కబురొస్తే నేను గెడ్డ దాటి వెళ్లేసరికి కాన్పు అయిపోయింది, బిడ్డకి నీళ్లు పోసి, పాత చీర ముక్కల్లో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టారు. గది చీకటిగా ఉంది, సాంబ్రాణి పొగ కళ్లు మండిస్తోంది. చుట్టిన గుడ్డల్లోంచి ముడతలు పడ్డ మొహం మాత్రం కనిపించింది. చిన్నగా ఉన్నాడే అనుకున్నాను, తొలిచూలు బిడ్డలు చిన్నగానే ఉంటారులే అని కూడా నేనే అనుకున్నాను. ఎంతుంటాడు మామ్మా అని అడిగాను.

"రెండు కిలోల ఆరొందలుంటాడు. రాసీసుకో తల్లీ," అంది ఆవిడ, నా వైపు చూడకుండా నిప్పులు ఎగదోస్తూ.

రాసేసుకున్నాను. చెయ్యి చాపి ఆ బిడ్డని నా ముంజేతి మీద పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టేది? నేర్చుకున్నాను కదా. వాన పెరిగితే గెడ్డ దాటలేనన్న తొందరలో ఉన్నాను, ఆవిడ చెయ్యి తప్పదన్న నమ్మకంలో ఉన్నాను, ఇవన్నీ నిజమే. అయినా ఎత్తుకోలేదు.

మూడో రోజు వెళితే పురిటి గది తలుపు దగ్గరే మామ్మ ఎదురొచ్చి, పాలు తాగి పడుకున్నాడు, లేపకు అంది. వసారాలోంచే వెనక్కి వచ్చేశాను. ఏడో రోజు గెడ్డ పొంగి దాటలేకపోయాను. పదో రోజు వాన కాస్త తెరిపిచ్చింది, పొద్దున్నే మోకాలి లోతు నీళ్లలో దాటి వెళ్లాను. ఆ వేళ మామ్మ ఇంట్లో లేదు, నీళ్లకి వెళ్లింది. ఆ పిల్ల బిడ్డని ఒళ్లో పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. పాలు పట్టడం లేదండీ, నిన్నటి నుంచీ ఏడవడం కూడా మానేశాడు అంది. గుడ్డ విప్పి పాదం పట్టుకుంటే చల్లగా తగిలింది. ఈసారి ఎత్తి ముంజేతి మీద పెట్టుకున్నాను. చేతిమీద బిడ్డ ఉన్నట్టే లేదు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. కాటా తీస్తే నిజం బయటపడుతుంది. నా కార్డు మీద ఆరొందల గ్రాములతో సహా రాసిన అంకె అబద్ధమని తేలుతుంది. ఊరి ఆచారం దాటానని తలుపులన్నీ మూసుకుంటాయి. ఒకవేళ నా చెయ్యే తప్పేమో, అంత అనుభవం ఉన్న ఆవిడ చెయ్యి తప్పుతుందా అని కూడా అనిపించింది. వెచ్చగా చుట్టి ఉంచు, మామ్మ వచ్చాక వస్తాను అని చెప్పి, మరో ఇంట్లో మాత్రలు ఇవ్వాలన్న వంక పెట్టుకుని బయటికి నడిచాను. ఆ ఇంట్లో వాళ్లు ఏమడిగారో, నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. ఓ గంట అలా తిరిగాను. నెల తక్కువ బిడ్డకి, ఒళ్లు చల్లబడిన బిడ్డకి, ఒక గంట అంటే ఏమిటో తెలిసిన మనిషిని నేను.

తిరిగి వెళ్లేసరికి బిడ్డ పెదాలు నల్లబడుతున్నాయి. మామ్మ వచ్చి మంచం పక్కన చతికిలబడి ఉంది. నేను సంచి అడుగునుంచి కాటా తీశాను. మామ్మ లేచి నాకు అడ్డం నిలబడింది. అప్పుడు ఆ మనవరాలు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల, కూర్చున్నచోటి నుంచే అంది.

"తూసీండి నర్సమ్మగోరూ. ఇంక తరగడానికి ఏటుందండి ఈడి దగ్గర?"

మామ్మ పక్కకి తప్పుకుంది. దూలానికి ఉయ్యాల కట్టే కొక్కేనికే కాటా తగిలించాను. ముల్లు కిలోన్నర గీత దాకా కూడా వెళ్లలేదు. నేను రెండోసారి చూశాను, మూడోసారి చూశాను. మామ్మ గోడవైపు తిరిగి నిలబడింది.

ఆ తర్వాత అంతా పరుగే. ఆ పిల్లని రవికె విప్పమని, బిడ్డని ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెలకి ఆనించి, పైన ఓ పాత చీర రెండు చుట్లు చుట్టాను. గెడ్డ దగ్గర మళ్లీ చినుకులు మొదలయ్యాయి. పదిరోజుల బాలింత, మోకాళ్లు దాటిన నీళ్లలో, ఓ చెయ్యి నాకిచ్చి ఇంకో చేత్తో బిడ్డని అదుముకుని దాటుతుంటే, వెనక నుంచి మామ్మ తాటాకు గిడుగు ఆ ఇద్దరి మీదా పట్టుకుని, తను నిలువునా తడుస్తూ వచ్చింది. రమ్మని మేం పిలవలేదు. రోడ్డెక్కాక ట్రెక్కరు కోసం ఎంతసేపు నిలబడ్డామో, నాకు మాత్రం ఓ పూటలా అనిపించింది. నిండుగా వచ్చిన ట్రెక్కర్లోంచి ఇద్దరు మగవాళ్లు దిగి మాకు చోటిచ్చారు. నర్సీపట్నం వచ్చేదాకా నేను ప్రతి రెండు నిమిషాలకీ చీర మడతలోకి చెయ్యి పెట్టి బిడ్డ వీపు మీద ఊపిరి తడిమి చూస్తూనే ఉన్నాను. ప్రతిసారీ ఉందన్నట్టు ఆ పిల్లకి తలూపేదాన్ని. ఒకసారి నాకు ఏమీ తగల్లేదు, అయినా తలూపాను.

ఆసుపత్రి గుమ్మం దగ్గర మామ్మ ఆగిపోయింది. వరండా మెట్ల మీద, వాన జల్లు పడుతున్నచోటే కూర్చుంది. మేం లోపలికి వెళ్లాం. అప్పుడున్న డాక్టరమ్మగారు నడివయసు మనిషి, మాట కరుకు, చెయ్యి మెత్తన. బిడ్డని వెచ్చని దీపం కింద పెట్టించి, గబగబా చూసి, కార్డు ఇమ్మన్నారు. ఇచ్చాను. పుట్టినప్పుడు రెండు కిలోల ఆరొందలు. ఇప్పుడు వాళ్ల కాటా మీద కిలోన్నర కూడా లేదు. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. పది రోజుల్లో కిలోకి పైగా తరిగిపోయాడంటే ఇది చలివల్లా ఆకలివల్లా కాదని, పేగు మెలిపడిందో లోపల మరే పెద్ద జబ్బుందో అయి ఉంటుందని, ఇక్కడ ఉంచితే లాభం లేదు, వెంటనే విశాఖపట్నం తీసుకెళ్లాలని, జీపు చూడమని కాంపౌండరుకి చెప్పారు. పక్కనున్న నర్సు నా చెవిలో, ఈ ముసుర్లో అనకాపల్లి దాటేదాకా ఉంటాడా అండీ అని గొణిగింది.

నాకు తెలుసు. ఆ బిడ్డకి పెద్ద జబ్బేమీ లేదని, చిన్నగా పుట్టాడని, ఆకలితో చలితో నీరసించాడని, దీపం కిందా తల్లి ఒంటి మీదా ఉంటే బతకొచ్చని, జీపు ఎక్కిస్తే దారిలోనే పోతాడని తెలుసు. ఆ గదిలో కార్డు మీద అంకె అబద్ధమని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. చెబితే ఉద్యోగం పోతుంది. నాన్న పోయాక మా ఇంట్లో ఉద్యోగం చేస్తున్నదాన్ని నేనే, వెనక ఇద్దరు చెల్లెళ్లు. ఇదంతా ఆలోచించానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆలోచించాను.

"అది కాటా మీద చూసిన అంకె కాదండీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను.

డాక్టరమ్మగారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. మరి ఎంత ఉన్నాడని అడిగారు. తెలీదండీ అన్నాను. తెలియకుండా రాశావా అన్నారు. అవునండీ అన్నాను. నా నిజం అక్కడ సగమే పనికొచ్చింది. అంకె తప్పన్నది తేలింది, అసలు అంకె ఏమిటో తేలలేదు. పుట్టినప్పటి బరువు తెలియకుండా, ఇది ఆకలో జబ్బో నేనెలా తేల్చాలి, జీపు వచ్చిందేమో చూడండి అని ఆవిడ విసుగ్గా లేచారు.

అప్పుడు గుమ్మంలో నీళ్లోడుతూ మామ్మ కనిపించింది. కిటికీలోంచి అంతా విన్నట్టుంది. చీర కుచ్చెళ్లలోంచి కారిన నీళ్లు గచ్చు మీద మడుగు కట్టాయి. గుమ్మం మీద ఓ చెయ్యి ఆనించి, ఒక్క క్షణం నిలబడి, లోపలికి అడుగుపెట్టింది.

"ఆ పిల్లదేటీ తప్పు లేదండమ్మగోరూ. నాను సెప్పిందే రాసింది. నా సెయ్యి సరిగ్గానే సెప్పిందండి, నానే నోటితో అబద్దమాడాను. రెండు కిలోల లోపంటే ఇక్కడికి అట్టుకొచ్చెత్తారని ఆడాను."

చెయ్యి ఎంత చెప్పిందని డాక్టరమ్మగారు అడిగారు.

"కిలోన్నర మీద గుప్పెడండి. పుట్టిన్నాడు అంతే ఉన్నాడు."

ఆవిడ చెయ్యి తప్పదండీ అన్నాను నేను, అనే హక్కు నాకెక్కడుందని ఆలోచించకుండానే. డాక్టరమ్మగారు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, పక్క వార్డులో ఆ పొద్దున పుట్టిన బిడ్డని తెప్పించి, ఎంతుంటుందో చెప్పమని మామ్మ ముందు పెట్టించారు. మామ్మ చేతులు కుంకుడు లేకపోయినా సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. బిడ్డని ముంజేతి మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. రెండు కిలోల ఏడొందలకి కాస్త తక్కువ అంది. డాక్టరమ్మగారు ఆ బిడ్డ బరువు రాసిన కాగితం తిప్పి చూసుకుని, మడిచి, జీపు వద్దని చెప్పించారు.

ఆ తర్వాత రెండు రోజులు గడ్డు రోజులే. సూదిమందు వేశారు, తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పట్టించారు, మిగతా సమయమంతా బిడ్డ తల్లి గుండెల మీదే ఉన్నాడు. ఆ పిల్ల అలిసిపోతే మామ్మ తన గుండెకి కట్టుకుని గోడకి ఆనుకుని కూర్చునేది, కళ్లు మూతపడనిచ్చేది కాదు. ఆసుపత్రి గుమ్మం తొక్కననుకున్న మనిషి పన్నెండు రోజులు ఆ గుమ్మం దాటి బయటికి రాలేదు. మూడో రోజు పొద్దున బిడ్డ గట్టిగా ఏడ్చాడు. నేను వరండాలోకి వచ్చి, ఎవరూ చూడకుండా, వాడికంటే గట్టిగా ఏడ్చాను.

బిడ్డని ఇంటికి పంపిన రోజు డాక్టరమ్మగారు నన్ను పిలిచి, నువ్వు చేసింది కాగితం మీద పెడితే నీ ఉద్యోగం ఉండదు, పెట్టను, వారంలోగా నీ ఐదు ఊళ్ల పసిబిడ్డలందరినీ కాటా మీద తూచి, రాసిన రిజిస్టరు నాకు తెచ్చి చూపించు అన్నారు. తూచాను. మామ్మే ముందుండి ఇంటింటికీ తిప్పింది, కొక్కెం కింద రెండు చేతులూ దోసిలి పట్టి నిలబడి, పడితే నేను పట్టుకుంటాను, తూయనీండి అని ఊరిని ఒప్పించింది. తర్వాత పుట్టిన బిడ్డల్ని ఒక్కరినీ ఆవిడ ముంజేతి మీద పెట్టుకుని చూడలేదు. నేను ఒకసారి అడిగితే, నా సెయ్యి మాట నానే ఇనలేదు, ఇంకెందుకమ్మా అని చుట్ట ముట్టించుకుంది. ఆ చెయ్యి అలా ఊరికే పోయినందుకు నాకు ఇప్పటికీ బాధే. మామ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ బిడ్డ ఇప్పుడు నర్సీపట్నంలోనే మెకానిక్కు షెడ్డు నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నన్ను చూస్తే చేతులు తుడుచుకుని దండం పెడతాడు. ఇదంతా వాడికి తెలీదు.

ఇప్పటి సంగతులు వేరు. నెల తప్పిందంటే తల్లి పేరు ఫోనులోకి ఎక్కుతోంది, కబురు పెడితే అంబులెన్సు ఇంటి ముందుకొస్తోంది, చిన్నగా పుట్టిన బిడ్డలకి వెచ్చని గది ఉంది, ఇంటి కాన్పు అన్న మాటే వినపడడం లేదు. గెడ్డ మీద వంతెన పడింది. మా కాలమే బాగుండేదని అనే మనిషిని నేను కాను. ఆ కాలంలో తూచకుండా పెరిగిన బిడ్డల గురించి చెప్పుకుంటాం, తూచకుండా పోయినవాళ్ల గురించి ఎవరం చెప్పుకోం.

అయినా ఒక్కమాట చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా అమ్మాయి తొలి కాన్పప్పుడు, పుట్టిన పాపని తుడిచి, కాటా మీద పెట్టేలోపు నర్సు నా చేతికిచ్చింది. పాతబడిన చెయ్యే, అయినా ఎత్తీ ఎత్తగానే చెప్పేసింది, రెండు కిలోలు లేదని. మంచం మీద మా అమ్మాయి నీరసంగా కళ్లు తెరిచి, ఎలా ఉందమ్మా అని అడిగింది. బొద్దుగా ఉందే, రెండున్నర దాటి ఉంటుంది అన్నాను. మరునిమిషంలో కాటా మీద కిలో తొమ్మిదొందలు పడింది, పాపని వెచ్చని గదికి తీసుకెళ్లారు, ఏ ప్రమాదమూ జరగలేదు, నా మాట ఎవరికీ గుర్తుకూడా లేదు. మామ్మ ఆ చీకటి గదిలో ఒంటరిగా ఆడిన అబద్ధాన్నే నేనూ ఆడాను, కాకపోతే నా పక్కన కాటా ఉంది.